ఆ నంబరు మా తమ్మునికి ఇయ్యకుండ్రి

నేను రిటైరైన రోజు బాయి మీద చిన్న సభ పెట్టారు. బాయి అంటే మా దిక్కు బొగ్గు గని. మేనేజరు గారు నా మెడలో దండ వేసి, "ఈయన ముక్కుసూటి మనిషి" అన్నారు. నోటి దురుసు మనిషి అని దాని అర్థం. దండ వేసే రోజు కాబట్టి మర్యాదగా అన్నారు, మిగతా రోజుల్లో అసలు మాటే అనేవారు. ఆ నోటితో నేను చెడగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. ఒక ప్రమోషను, ఒక బావమరిదితో మాటలు, కుదురుగా ఉన్న ఒక పోస్టు. అయితే అదే నోరు ఒక పొద్దు ఒక పిల్లవాడి ప్రాణం పోకుండా అడ్డం పడింది. ఇప్పుడు పనిలో చేరుతున్న పిల్లలు, వాళ్ళ ఇళ్ళలో ఉండేవాళ్ళు ఆ సంగతి తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. సొంపుగా రాయడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అప్పటికి నైజాం పోయి, హైదరాబాదు రాష్ట్రం కూడా పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చి కొద్ది కాలమే అయింది. నాది కరీంనగర్ దిక్కు పల్లె. బెల్లంపల్లి దగ్గర ఒక బాయిలో లాంపు రూంలో పని చేసేవాణ్ణి. ఏ బాయో చెప్పను. అంతకుముందు ఇంకో బాయిలో ఉండేవాణ్ణి. అక్కడ పై అధికారితో కొట్లాడితే ఇక్కడికి పంపారు. అంటే ఆ కాలనీకి నేను కొత్తవాణ్ణి. అక్కడి పాత సంగతులేవీ నాకు తెలియవు.

లాంపు రూం పని పెద్ద విద్యేమీ కాదు. బాయి దిగే మనిషి కిటికీ దగ్గరికి వచ్చి తన ఇత్తడి బిళ్ళ ఇస్తాడు. దాని మీద ఒక నంబరు ఉంటుంది. అదే నంబరు ఉన్న లైటు మేం అతనికి ఇస్తాం. బ్యాటరీ నడుముకు, లైటు టోపీకి. బిళ్ళను పలక మీద మేకుకు తగిలిస్తాం. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుపోతాడు. బిళ్ళ మేకుకు వేలాడుతుందంటే మనిషి ఇంకా భూమిలోపల ఉన్నట్టు. అక్షరాలు రాకున్నా అంకెలు నాకు అప్పటికే వచ్చు. చాలామంది పేర్లు నాకు తెలిసేవి కావు, నంబర్లు తెలిసేవి.

ఆ బాయిలో ఒక పద్ధతి ఉండేది. తండ్రి చనిపోతే కొడుక్కు పని ఇచ్చినప్పుడు తండ్రి నంబరే కొడుక్కు ఇచ్చేవారు. కంపెనీ రూలు కాదు, పాతవాళ్ళు పెట్టుకున్న ఆచారం. తల్లులు అడిగి మరీ ఇప్పించుకునేవారు. ఆయన లైటు మళ్ళీ వెలిగిందని వాళ్ళకు ఒక తృప్తి.

నాతోపాటు లాంపు రూంలో ఒక సాయిబు ఉండేవాడు. బ్యాటరీలు చార్జింగు పెట్టడం ఆయన పని. ఆసిడు చుక్కలు పడి ఆయన లుంగీలన్నీ జల్లెడలయ్యాయి. నాకంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. నేను కిటికీలో నుంచి ఒక మాట విసిరితే, దాన్ని చల్లార్చడానికి ఆయన వెనక నుంచి పది మాటలు పోసేవాడు.

ఇక ఆ పిల్లవాడు. ఇరవై ఏళ్ళుంటాయి. వాళ్ళ బాపు పోయినందుకు వాడికి పని దొరికింది, బాపు నంబరు దొరికింది. ఆ తండ్రి తన ప్రాణం తానే తీసుకున్నాడని అందరికీ తెలుసు. ఎందుకు అని అడిగితే మాత్రం కాలనీ అంతా ఒకటే మాట. "ఏం తెల్వదు. బంగారమసొంటి మనిషి. ముందు రోజు దాక మంచిగనే ఉండె. పొద్దుగాల లేచిండు, గంతే." ఎవరిని అడిగినా పాఠం అప్పజెప్పినట్టు ఇదే చెప్పేవారు. నేనూ నిజమేననుకున్నాను.

బాయి మనుషులు చెడ్డవాళ్ళు కారు. కానీ వాణ్ణి చూసినప్పుడల్లా ఎవరో ఒకరు, "అచ్చం బాపు లెక్కనే నడుస్తుండు సూడు" అనేవారు. వాడు నవ్వితే బాపు నవ్వు. వాడు చప్పుడు చేయకుండా కూర్చుంటే, "జర సూస్కోండ్రిరా" అని చాటుగా సైగలు. లోపల సద్ది విప్పుకునే చోట వాడి పక్కన ఎప్పుడూ ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉండేదట. బొగ్గు నింపేవాళ్ళు ఇద్దరిద్దరు జోడీగా చేస్తారు. వాడి జోడీదారు, వాడి ఈడువాడే, పని పంచే సర్దార్‌ను అడిగి వేరేవాడితో కలిశాడు. సర్దార్ వాడి మంచికే అనుకుని, ఎక్కడో పాత దిక్కున నీళ్ళు తోడే పంపు కాడ వేశాడు. బరువు పని కాదు నిజమే. కానీ అక్కడ షిఫ్టంతా ఒక్కడే. మనసు బాగాలేని పిల్లవాణ్ణి చీకట్లో ఒంటరిగా కూర్చోబెట్టి, సుఖమైన పని ఇచ్చామనుకున్నారు.

మొదట్లో వాడు కిటికీ దగ్గర పరాచికాలాడేవాడు.

"మామా, లైటియ్యి. పొయ్యొస్త."

"యాడికిరా, సినిమాకా?"

"సినిమాకే. గంత చీకట్ల ఇంకేముంటది?"

పంపు కాడికి పోయినప్పటి నుంచి అది తగ్గింది. తర్వాత ఆగిపోయింది. బిళ్ళ పెట్టేవాడు, ఎటో చూసేవాడు, లైటు తీసుకుని పోయేవాడు. బుగ్గలు లోపలికి పోయాయి.

ఒక పొద్దు మొదటి షిఫ్టులో దిగినవాడు షిఫ్టు ముగియడానికి గంట ముందే పైకి వచ్చాడు. లైటు కిటికీ మీద పెట్టాడు. శుభ్రంగా తుడిచి పెట్టాడు. బొగ్గుబాయిలో నుంచి వచ్చి లైటు తుడిచి ఇచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"ఏంరా, పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్న మామా."

"మరి గిప్పుడే ఎందుకొచ్చినవ్?"

మేకు మీది బిళ్ళ తీసి ఇచ్చాను. తీసుకోలేదు. వేలితో మెల్లగా నా దిక్కే నెట్టాడు.

"గీ నంబరు ఇగ ఎవ్వలికి ఇయ్యకుండ్రి మామా. మా తమ్మునికి అసలే ఇయ్యకుండ్రి."

వాడి తమ్ముడు అప్పటికి బడికి పోతున్నాడు. అన్న పనిలో ఉండగా ఆ నంబరు తమ్ముడికి రాదు. అన్న లేకపోతేనే వస్తుంది. ఆలోచించి మాట్లాడే అలవాటు నాకు ఎలాగూ లేదు.

"సచ్చిపోదామనుకుంటున్నవారా?" అని అడిగాను.

మా దిక్కు ఆ మాట అలా అడగరు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం. వెనక బ్యాటరీల్లో నీళ్ళు పోస్తున్న సాయిబు చేతిలో నుంచి చెంబు జారి కింద పడింది.

"తౌబా, తౌబా! నీ జబాన్ పాడుగాను! పిలగాన్ని వట్టుకొని గవేం మాటలు భాయ్?"

నేను తల తిప్పలేదు. "నిన్నేరా అడిగేది. చెప్పు."

వాడు నా మొహంలోకి చూశాడు. ఎన్నో రోజుల తర్వాత చూశాడు. "నీకెట్ల తెల్సు మామా?" అని, కిటికీ కిందనే కూలబడ్డాడు.

పక్క తలుపు తీసి లోపలికి తెచ్చాను. బయటివాళ్ళు లాంపు రూంలోకి రాకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అప్పటికి నాకు చదవడం రాదు కాబట్టి ఆ రూలు నాకు వర్తించలేదు. సాయిబు తన చాయ వాడి చేతిలో పెట్టాడు. వాడు అది తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు.

"నాకేం తక్లీఫ్ లేదు మామా. అవ్వ మంచిగనే సూసుకుంటది. కని పొద్దుగాల లేస్తె భయంతోని బుగులైతది. గా పొద్దు ఇదేనా అని. మా బాపుకు గట్లనే ఆయె గద. ఏ బాధ లేదు, మంచిగున్న మనిషి. ఒక పొద్దు లేచిండు, గంతే. మంచిగున్న మనిషికే గట్లయితె, నాకు ఇప్పుడే మనసు మంచిగ లేదు. నేనెంతసేపు? ఎన్నటికైనా గదే అయ్యేటిదుంటె గీ ఎదురుసూసుడు దేనికి? గీ ఎదురుసూసుడే నాతోని అయితలేదు."

అప్పుడు వెనక నుంచి సాయిబు, "మంచిగున్న మనిషా..." అని మొదలుపెట్టి, టక్కున నోరు మూసుకున్నాడు.

"ఏంది భాయ్? నీకేమన్న తెల్సా?"

"నన్నడగకు. వీని అవ్వ, మా వదినెకు మాటిచ్చిన."

"ఏం మాట?"

"గది చెప్తె మాట తప్పినట్టే గద!" ఆయన తలుపు వైపు చేయి చూపాడు. "ఆమెనే పిలిపియ్యి. జల్ది పిలిపియ్యి."

అప్పటికి రెండో షిఫ్టువాళ్ళు ఒక్కొక్కరే కిటికీ ముందు చేరుతున్నారు. అందులో పిల్లవాడి క్వార్టర్ల లైనులోనే ఉండే మనిషి ఒకడున్నాడు. "ఉరుకు. గీ పిలగాని అవ్వను తోలుకరా. కొడుకు మంచిగున్నడని ముందుగాల చెప్పు. తర్వాతనే రమ్మను" అన్నాను.

"నా హాజరీ పోతది గదనె?"

"నీ హాజరీ సంగతి నేను సూసుకుంట, నడువ్!"

వాడు పరుగెత్తాడు. నేను ఒక చేత్తో బిళ్ళలు తీసుకుంటూ ఇంకో చేత్తో లైట్లు ఇస్తున్నాను. మాటిమాటికీ వెనక్కి చూస్తుంటే వరస ఆలస్యమై జనం గోల మొదలుపెట్టారు.

"ఏమయ్యా, లైట్లిచ్చుడు బందువెట్టి లోపట పెండ్లిసూపులు నడిపిస్తుండ్రా?"

"అవ్, నీకే. పిల్ల నీ మొకం సూసి పారిపోయింది, దేవులాడుతున్నం. లైటు వట్టుకొని దిగు!"

కిటికీ ముందు నవ్వులు. నా వెనక పిల్లవాడి పెదవి కూడా కొంచెం కదిలిందని సాయిబు తర్వాత చెప్పాడు.

తల్లి జొన్నపిండి చేతులతోనే వచ్చింది. కొడుకును చూసింది. తల నుంచి కాలి దాకా తడిమింది. తర్వాత తలెత్తి సాయిబును చూసింది.

"చెప్పినవా సాయిబన్నా?"

"చెప్పలే వదినె. నువ్వే చెప్పు. లేకుంటె నన్ను చెప్పనియ్యి. మాట తప్పితె అల్లా నన్నడుగుతడు. చెప్పకుంటె గీ పిలగాడు దక్కడు. రెండిట్ల నన్ను ఏది మొయ్యమంటవ్?"

"చెప్తె వానికి పిల్లనెవడిస్తడు? పిచ్చోని కొడుకంటరు."

"పిల్లనియ్యాలంటె ముందుగాల పిలగాడు ఉండాలె గదక్కా!" అన్నాను నేను.

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కొడుకు ఎదురుగా నేల మీద కూర్చుంది. చేతికున్న పిండి రాలగొట్టుకుంటూ మొదలుపెట్టింది.

"మీ బాపు మంచిగుండె అన్నది అబద్దం బిడ్డా. మా పెండ్లయిన కాడికెల్లి ఉండె ఆయనకు. వానలు మొదలైతె సాలు, గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. తినకపోతుండె. మాట్లాడకపోతుండె. ఎవలో తిడుతుండ్రు అంటుండె. నేను, సాయిబన్న పట్నం పెద్దాసుపత్రికి తీస్కపోతుంటిమి. మీ ఇద్దరికేమో చుట్టాలింటికి పోయిండని చెప్తుంటిమి. ఆయన పోయినంక కాలనీల పెద్దోళ్ళందర్ని బతిమాలిన. పిల్లలకు గీ సంగతి తెల్వనియ్యకుండ్రి, మంచిగున్న మనిషే పోయిండని చెప్పుండ్రి అని."

సాయిబు పిల్లవాడి పక్కకు జరిగి కూర్చున్నాడు.

"కని మల్ల లేచేటోడు బేటా."

వాడు తలెత్తాడు. "లేచేటోడా?"

"లేచేటోడు. పండుకున్నోడు పండుకున్నట్టే ఒక పొద్దు ఇటు తిరిగి, పచ్చిపులుసు చెయ్యవా అని మీ అవ్వనడుగుతుండె. గా మాట ఇంటె సాలు, ఈమె ఏడ్సుకుంట నవ్వుకుంట చింతపండు నానవెడుతుండె. మల్ల గా కిటికీ కాడికొచ్చి, ఏం భాయ్, నా లైటున్నదా ఎవలికన్న అమ్ముకున్నవా అంటుండె."

"ఎన్నిసార్లు లేచిండు?"

"లెక్క వెట్టలే బేటా. లేచినోన్ని ఎవరు లెక్క వెడుతరు?"

"మరి ఆఖరిసారి?"

సాయిబు తల్లిని చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "ఆఖరిసారి పట్నం తీస్కపోలే. నలుగురు అడుగుతుండ్రని సిగ్గువడ్డ. గోళీలు సుత అయిపోయినయ్. సాయిబన్న బిడ్డె పెండ్లని భైంసా పోయిండు. వస్తె తీస్కపోదామనుకున్న."

ఆమె తప్పు కాదు. ఆ మాట అప్పుడే చెప్పాను. ఆమె నమ్మలేదు. నమ్మడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది.

పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?" అని అరిచాడు. "నేను దినాం లేచి సూసుకుంటున్న! గా పొద్దు గిదేనా, గిదేనా అని! బీమారుండెనని ఒక్కరన్న చెప్పొద్దా!" కిటికీ అవతల జనం చప్పుడు ఆగిపోయింది. ఎన్నాళ్ళుగానో బిళ్ళ పెట్టి పక్కకు చూసే పిల్లవాడు గొంతెత్తి అరుస్తుంటే నాకు ఒళ్ళు తేలికైంది. తల్లి కూడా ఏడవలేదు. "అను బిడ్డా, అను" అంటూ కూర్చుంది.

అరిచి అలిసిపోయాక మళ్ళీ కూర్చున్నాడు. చల్లారిన చాయ తాగాడు. గ్లాసులోకి చూస్తూ తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. "అంటె ఊకెనే ఒక పొద్దు రాలే. రోగముండె. లేచేటోడు."

కిటికీ రెండో షిఫ్టు లాంపు మనిషికి అప్పజెప్పి, అక్కడి నుంచి నేరుగా వాణ్ణి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు. పిల్లవాడితో చాలాసేపు ఒంటరిగా మాట్లాడి, మమ్మల్ని పిలిచి, "ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉండేదా అమ్మా?" అని అడిగాడు. ఆమె అలవాటుగా, "అసొంటిదేం..." అనబోయి ఆగింది. కొడుకును చూసింది. అంతా చెప్పింది.

"నేను అబద్ధం చెప్పనమ్మా," అన్నాడు డాక్టరు. "తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే ప్రమాదం మిగతావాళ్ళ కంటే ఎక్కువే. ఇలాంటి చావు చూసిన పిల్లలకు ఇలాంటి ఆలోచనలు రావడమూ ఎక్కువే. కానీ వచ్చి తీరాలని ఎక్కడా లేదు. వచ్చినా వైద్యం ఉంది. ఇప్పుడు ఇతన్ని ఒంటరిగా వదలకండి. అయితే పోలీసుల్లా కాపలా కాయకండి, చుట్టాల్లా పక్కన ఉండండి."

పట్నం ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు. మరునాడే బండెక్కాం. సాయిబు, నేను, తల్లి, వాడు. ఈసారి చుట్టాలింటికి పోతున్నామని ఎవరికీ చెప్పలేదు. స్టేషనులో ఎవరో అడిగితే తల్లే గట్టిగా, "పట్నం దవాఖానకు, పిలగానికి మనసు బాగలేదు" అంది. అడిగినవాడు బిత్తరపోయి, "మంచిదవ్వా, మంచిగైతది" అన్నాడు. ఇంత కాలం ఆమె భయపడింది ఈ మాటకేనా అనిపించింది నాకు.

వాడు కొన్ని వారాలు అక్కడ ఉండి వచ్చాడు. ఈలోపల పంపు పని గురించి నేను సర్దార్‌తో మాట్లాడాను. ఏమన్నానో ఇక్కడ రాస్తే అచ్చు వేసేవాళ్ళు ఒప్పుకోరు. కానీ అసలు పని చేసింది నా తిట్లు కాదు. వాణ్ణి వదిలిపోయిన పాత జోడీదారు తనంత తానే వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు.

"వాడొస్తె మల్ల నాతోనే వెయ్యమని సర్దార్‌కు చెప్పిన."

"గప్పుడు బుగులు వట్టి ఉరికితివి గద?"

"గప్పుడు ఏందో తెల్వకపాయె. గిప్పుడు బీమారని తెల్సె. బీమారైతె నేను సూడనిదా? మా నాయినకు దమ్ము రోగం లేదా?"

జబ్బు ఒక్కసారితో పోలేదు. అలా పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. తర్వాత కూడా వచ్చింది. కానీ వచ్చినప్పుడు వాడే కిటికీ దగ్గరికి వచ్చి, "మామా, మల్ల గోడ దిక్కు తిరుగుతున్న" అని చెప్పేవాడు. ఏం చేయాలో అందరికీ తెలుసు. జోడీదారు ఇంటికి పోయి పక్కన కూర్చునేవాడు, సాయిబు పట్నం బండి చూసేవాడు. ప్రతిసారీ లేచాడు.

పిల్లలారా, మీకు నేను చెప్పేది ఇంతే. అనుమానం వస్తే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అడిగి ఊరుకోకండి, చేయి పట్టుకుని దవాఖానకు తీసుకుపోండి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ జబ్బు ఉంటే పిల్లలకు చెప్పండి. చెప్పకపోతే వాళ్ళు తమంతట తాము ఒక కథ అల్లుకుంటారు, అది నిజం కంటే భయంకరంగా ఉంటుంది.

వాడికి పెళ్ళయింది. తల్లే ముందుగా అన్నీ చెప్పి మరీ సంబంధాలు చూసింది. కొన్ని తప్పిపోయాయి, నిర్మల్ దిక్కుది ఒకటి నిలిచింది. కొన్నేళ్ళ తర్వాత ఒక ఆదివారం నేను వాళ్ళింట్లో ఉన్నాను. వాడి బిడ్డ అప్పుడే బడిలో చేరింది. పలక మీద ఏదో గీస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"బాపు, తాత ఎట్ల సచ్చిపోయిండు?"

బియ్యం చెరుగుతున్న నాయనమ్మ చేయి ఆగింది. కోడలు కూడా తలుపు దగ్గర నిలబడిపోయింది. వాడు బిడ్డ పక్కన కూర్చున్నాడు.

"తాతకు మనసుకు బీమారుండె బిడ్డా. శానసార్లు లేచిండు. ఒక్కసారి లేవలేక సచ్చిపోయిండు. నాకు సుత గా బీమారచ్చింది. నేను డాక్టర్ కాడికి పోయిన, మంచిగైన. నీకెన్నడన్న మనసు బాగలేకపోతె నాకు చెప్పాలె. ఏందీ?"

"చెప్పాలె," అంది ఆ పిల్ల. కాసేపు ఆలోచించింది. "నాకు బడికి పోవాలంటెనే మనసు బాగుండది."

"గది బీమారి కాదు బిడ్డా. గిగో, గీ లాంపు తాత కాడికెల్లి అంటుకున్నది. గీయనకు సుత రాత్రి బడి అంటె బుగులే."

నేను అప్పుడే యూనియన్ ఆఫీసు రాత్రి బడిలో ఓనమాలు దిద్దుతున్నాను. మూడు రోజులుగా ఎగ్గొట్టిన సంగతి వాడికెవరు చెప్పారో. "అరే, నాకు అంకెలన్నీ వచ్చురా, రానివి అక్షరాలే!" అని లేచాను.

ముందు నవ్వింది ఆ నాయనమ్మే. చేతిలో చాట పక్కన పెట్టి మరీ నవ్వింది.